బుచ్చమ్మ పాడె మీద చల్లని చిల్లర

బుచ్చమ్మను ఉత్త చేతులతో కాటికి పంపింది మీరే. బ్యాంకు అద్దాల వెనక కూర్చున్న సార్లూ, ముందు మిమ్మల్నే అనేది. ఠాణాలో కుర్చీలోంచి లేవకుండానే 'ఆన్‌లైన్‌లో పెట్టుకో అమ్మా' అని చేయి ఊపిన సార్లూ, మిమ్మల్ని కూడా. గల్లాపెట్టె ఎత్తేసి ఆ చోట ఫోనుతో స్కాన్ చేసే గళ్ళ అట్టముక్క నిలబెట్టిన సేట్లూ, మీరూ వినండి. ఒక ముసలామె పోతూ పోతూ ఏమడిగింది? బంగారం అడిగిందా? బంగ్లా అడిగిందా? తన పాడె మీద పిడికెడు చిల్లర చల్లమంది. ఇంత పెద్ద పట్నంలో ఆ పిడికెడు చిల్లర దొరకలేదు. దొరకకుండా చేసింది మీరు. ఎట్లా చేశారో వినండి.

ఈ పట్నంలోనే జహనుమా బస్తీ దాటాక పాలగల్లీ అని ఒక సందుంది. ఒకప్పుడు అక్కడ ఇంటింటికీ బర్రెలుండేవి. ఇప్పుడు కొండల్ ఇంటి ముందు మాత్రం రెండు మిగిలాయి. వాటి పాలు పిండేది కొండల్, గడప ముందు పీట వేసుకుని అమ్మేది అతని అక్క బుచ్చమ్మ. తల్లి పోయేనాటికి కొండల్‌కు పాలపళ్ళు కూడా ఊడలేదు. అతన్ని పెంచింది అక్కే. పెళ్ళయి అత్తారింటికి పోయింది, మొగుడు చనిపోయాక తిరిగి తమ్ముడి దగ్గరికే వచ్చింది. పిల్లల్లేరు. కొండల్ కొడుకు వేణుగోపాలే ఆమెకు కొడుకు.

పాలగల్లీలో ఎవరు పోయినా పాడె లేచిన దగ్గరి నుంచి శ్మశానం దాకా పేలాల్లో చిల్లర కలిపి చల్లుతారు. పోయినవాళ్ళ నుదుటి మీద ఒక రూపాయి బిళ్ళ పెడతారు. రోడ్డు మీద బిళ్ళలు ఖంగుఖంగున మోగుతుంటే పిల్లలు వెంటపడి ఏరుకుంటారు. ఎవరూ తప్పు పట్టరు. పోయే మనిషి ఆఖరిసారి పంచిపెట్టేది అది. పండు ముసలోళ్ళ మీద చల్లిన బిళ్ళ దొరికితే దాన్ని ఖర్చుపెట్టరు. దడుసుకునే పసిపిల్లల మొలతాడుకు కడతారు. నిండుగా బతికిన మనిషి ఆయుష్షు కొంత ఆ బిళ్ళను అంటుకుని ఉంటుందని గల్లీ నమ్మకం.

బుచ్చమ్మ తల్లిని మాత్రం అట్లా సాగనంపలేదు. ఇంట్లో ఏమీ లేదు. పేలాలు కూడా పక్కింటివాళ్ళు వేయించి ఇచ్చినవే. పాడె వెనక పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చి, పేలాలు కాళ్ళతో కెలికి కెలికి చూసి, చివరికి ఒకడు అరిచాడు, 'ఏం లేదురో, ఉత్తదే' అని. పిల్లలందరూ వెనక్కి మళ్ళారు. చంకలో తమ్ముణ్ణి ఎత్తుకుని నడుస్తున్న బుచ్చమ్మ ఆ మాట విన్నది. ఆ మాట ఆమె చెవిలోంచి పోలేదు. సంక్రాంతికి చెప్పేది, బోనాలకు చెప్పేది, బర్రె ఈనినప్పుడు కూడా చెప్పేది.

"నన్ను గట్ల తీస్కపోకు తమ్మీ," అనేది. "నా మీద సల్లే చిల్లర నేనే కూడేసుకుంట. నువ్వు పిడికిలి నింపి సల్లాలె, అంతే."

కూడేసింది కూడా. ఒక పాత పాలక్యాను. పాలమ్మిన డబ్బుల్లో రూపాయి బిళ్ళ వస్తే కడిగి, కొంగుతో తుడిచి అందులో వేసేది. నోట్లు సంసారానికి, బిళ్ళలు ఆమెకు. క్యాను మంచం కింద ఉండేది. ఊడ్చేటప్పుడు పక్కకు జరిపితే లోపల గలగలమనేది. 'ఆ అడుగో, నా సుట్టం లేచిండు' అని నవ్వేది. వేణుగోపాల్ చిన్నప్పుడు ఐస్‌క్రీముకని ఒక బిళ్ళ తీస్తే వీపు మీద ఒక్కటి చరిచి, ఆ తర్వాత పాలు తాగించింది. ఆ బిళ్ళ మాత్రం మళ్ళీ క్యానులో పడేదాకా ఊరుకోలేదు.

కొన్నేళ్ళకు మీ స్కాన్లు వచ్చాయి. ఇరవై రూపాయల పాలకు కూడా జనం ఫోను తీయడం మొదలుపెట్టారు. అట్ట లేకపోతే పక్క సందుకు పోయి ప్యాకెట్టు కొనుక్కున్నారు. గిరాకీ పోతున్నదని వేణుగోపాలే ఆమె పీట పక్కన గళ్ళ అట్ట నిలబెట్టాడు, పైసలు పడితే పలికే డబ్బా కూడా తెచ్చాడు. డబ్బాలోంచి ఒక ఆడగొంతు ఇన్ని రూపాయలు అందాయని చెప్పేది.

"ఎవ్వతిరా గిది?" అన్నది బుచ్చమ్మ. "పాలు పోసేది నేను, పైసలు లెక్కవెట్టేది ఇదా? దీనికి ఏం జీతం ఇస్తున్నవు?"

కొన్నాళ్ళు ఆ డబ్బాతో కొట్లాడింది. అది పలకగానే 'ఇన్న తీ' అనేది. తర్వాత అలిసిపోయింది. పైసలు ఎక్కడ పడుతున్నాయో, ఎవరు తీస్తున్నారో ఆమెకు కనిపించదు. చేతిలో ఏమీ పడదు. పొద్దున మొదటి బేరం పైసలు కళ్ళకద్దుకుని పాలచెంబుకు తాకించడం ఆమెకు అలవాటు. ఇప్పుడు ఏం అద్దుకోవాలి? ఒకరోజు డబ్బానే ఎత్తి కళ్ళకద్దుకున్నది. అది చూసి నవ్విన వేణుగోపాల్ నవ్వు మధ్యలోనే ఆపేశాడు. క్యానులో బిళ్ళ పడటం ఆగిపోయింది. అయినా అప్పటికే క్యాను నిండుగా ఉన్నది కాబట్టి ఆమె ఫికర్ పెట్టుకోలేదు.

పోయిన ఎండాకాలం ఇంట్లో దొంగలు పడ్డారు. పట్టపగలే. బుచ్చమ్మ కళ్ళ దవాఖానకు పోయింది, కొండల్ గడ్డి తేను పోయాడు. వచ్చేసరికి తాళం విరిగి ఉన్నది. గ్యాస్ బండ పోయింది, మిక్సీ పోయింది, మంచం కింద క్యాను పోయింది. ఆ మధ్య ఈ గల్లీలో ఇట్లాంటివి మామూలైపోయాయి. బండి మీద వచ్చి ఫోను గుంజుకుపోతారు, మెడలోది తెంపుకుపోతారు. ఆడవాళ్ళు పుస్తెలతాడు పెట్టెలో దాచి పసుపుతాడుతో తిరుగుతున్నారు. స్తంభానికి కెమెరా ఉన్నది. అది దేన్ని చూస్తున్నదో ఎవరికీ తెలియదు.

అక్కాతమ్ముళ్ళు ఠాణాకు పోయారు. గ్యాస్ బండకు బుక్కు చూపించమన్నారు. మిక్సీకి రసీదు ఉన్నదా అన్నారు. క్యాను సంగతి చెబితే రాసే సారు కలం కింద పెట్టి నవ్వాడు. చిల్లర డబ్బాకు కేసేంది పెద్దమ్మా, ఈ రోజుల్లో చిల్లర ఎవడు ఎత్తుకుపోతాడు అన్నాడు. పోనీ ఆన్‌లైన్‌లో పెట్టుకోమన్నాడు. బుచ్చమ్మ ఆయన్ని ఒకటే అడిగింది.

"సారూ, మీ అమ్మ మీద ఏం సల్లిన్రు?"

ఆయన కోప్పడ్డాడు. కొండల్ అక్కను బయటికి తీసుకొచ్చాడు.

అప్పటి నుంచి ఆమె తగ్గిపోయింది. తిండి తగ్గింది, మాట తగ్గింది. పాలకొచ్చిన ప్రతివాళ్ళనూ బిళ్ళలు ఉన్నాయా అని అడిగేది. వాళ్ళు ఉత్త చేతులు చూపించేవాళ్ళు. ఆమెను పిచ్చిదనుకున్నారు కొందరు. వేణుగోపాల్ తను పనిచేసే ఆఫీసు క్యాంటీన్‌లో అడిగి చూశాడు, అక్కడ నోటే తీసుకోరు. వానాకాలం దగ్గుతో మొదలై, జ్వరమై, ఒక తెల్లవారుజామున బుచ్చమ్మ పోయింది. పోయేముందు కొండల్ పిడికిలి పట్టుకుని దాన్ని తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. ఆ సైగ ఏమిటో అతనికి తెలుసు.

చుట్టాలు రావాలి, పాడె కట్టాలి. మధ్యాహ్నం దాటాక లేపుదామని పెద్దలన్నారు. ఆ లోపల చిల్లర తెస్తానని కొండల్ బయలుదేరాడు. వేణుగోపాల్ నేను పోతా బాపూ అన్నాడు. నువ్వు అత్త దగ్గరే కూర్చో అన్నాడు కొండల్. ఈ పని తను చేయాల్సిందే.

మొదట గల్లీ చివర బాలనర్సింహ కిరాణా కొట్టు. చిన్నప్పటి దోస్తు. కొండల్ ఐదువందల నోటు ఇచ్చి దీనికి రూపాయి బిళ్ళలు కావాలన్నాడు. బాలనర్సింహ గల్లా సొరుగు మొత్తం లాగి చూపించాడు. అందులో రబ్బరుబ్యాండ్లు, రెండు పెన్నులు, ఒక ఛార్జరు ఉన్నాయి. చిల్లర బదులు అందరికీ ఇచ్చే చాక్లెట్ల డబ్బా గల్లా మీద ఉన్నది. ఆయన దానివైపు చూశాడు.

"కొండలన్నా, తప్పనుకోకు," అన్నాడు మెల్లగా. "చాక్లెట్లు సల్లుదామా? పోరగాండ్లు ఏరుకుంటరు గదా."

వెక్కిరించడానికి అనలేదు. నిజంగానే సాయపడదామని అన్నాడు. అది కొండల్‌కు తెలుసు. అయినా నోటు తిరిగి తీసుకుని కొట్టు దిగాడు.

బ్యాంకు దగ్గర జనం లేరు, మిషన్లున్నాయి. టోకెన్ మిషన్ ఫోను నంబరు అడిగింది, నంబరు కొడితే ఫోనుకు అంకెలు వస్తాయన్నది. ఫోను ఇంట్లో ఉన్నది. కాపలా అతను టోకెన్ లేకుండా లోపలికి పంపనన్నాడు. అద్దం మీద ఒక నవ్వే ముసలామె బొమ్మ, చేతిలో ఫోను పట్టుకుని. కొండల్ ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. చివరికి లోపలి నుంచి ఒక పిల్ల వచ్చి ఏం కావాలంకుల్ అని అడిగింది. చెప్పాడు. చిల్లర సంచుల్లో వస్తుందని, పెద్ద వ్యాపారస్తుల ఖాతాలకే ఇస్తారని, యాప్‌లో పెట్టుకుంటే వారంలో చూస్తారని ఆ పిల్ల చెప్పింది.

"వారం దాంక మా అక్క ఉండదు బిడ్డా," అన్నాడు కొండల్. "పొద్దుగాల పోయింది. మీద సల్లాలె."

ఆ పిల్ల ముఖం వాడిపోయింది. తన బ్యాగు తెచ్చి అతని ముందే కెలికింది. కార్డులు, తాళంచెవులు, దువ్వెన. ఒక్క బిళ్ళ లేదు. లోపల అద్దాల గదిలో మేనేజరు ఏదో సైగ చేశాడు. ఆ పిల్ల సారీ అంకుల్ అని లోపలికి పోయింది. ఆ పిల్లను ఏమీ అనడానికి లేదు. తాళం ఆమె దగ్గర లేదు, తాళం పెట్టుకున్నవాడు గది దాటి రాలేదు.

అక్కడి నుంచి గుడికి పోయాడు. హుండీకి సీలు వేసి ఉన్నది, కమిటీ వస్తే గానీ తెరవరన్నారు. హుండీ మీద కూడా గళ్ళ అట్ట. బయట మెట్ల మీద అడుక్కునే ముసలామెను అడిగాడు. సిగ్గుపడుతూనే అడిగాడు, నోటిస్తా, నీ గిన్నెలో బిళ్ళలు ఇవ్వమని. ఆమె గిన్నె వంచి చూపించింది. బిస్కెట్ ప్యాకెట్లు, ఒక అరటిపండు.

"చిల్లర ఎవరేస్తున్రు కొడుకా," అన్నది. "బిస్కెట్లు తినలేక సస్తున్న. నమలనీకి నాకు పండ్లు లెవ్వు."

బస్సు కండక్టర్‌ను అడిగాడు, సంచి ఖాళీ. చాయ్ హోటల్లో అడిగితే 'నై హై భాయ్' అన్నారు. మెకానిక్ షెడ్లో అడిగితే నట్లు చూపించారు. ఎక్కడికి పోయినా ఎవరూ కసురుకోలేదు. ఎవరి దగ్గరా లేదు, అంతే. నిన్న మొన్నటి దాకా ప్రతి జేబులో మోగిన వస్తువు ఊరంతా కలిసి ఊరంతటి నుంచి ఊడ్చేసినట్టు మాయమైంది. మిట్టమధ్యాహ్నం ఎండలో, జేబులో అదే ఐదువందల నోటుతో, కొండల్ వెనక్కి నడిచాడు. దారిపొడుగునా తెరుచుకుని మూసుకునే అక్క వేళ్ళే కనిపిస్తున్నాయి.

ఇంటికి వచ్చేసరికి స్నానం చేయించారు. కొత్త చీర కట్టారు. అందరూ అతని చేతుల వైపు చూశారు. వేణుగోపాల్ చూసి తల దించుకున్నాడు. నుదుటి మీద పెట్టను ఒక్క బిళ్ళ అయినా తెచ్చారా అని ఒక పెద్దాయన అడిగాడు. కొండల్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

అప్పుడు సక్కుబాయి ముందుకొచ్చింది. ఎదురింటామె, రోడ్లు ఊడుస్తుంది. చంకలో మనవరాలు స్రవ్య. ఆ పిల్ల నిరుడు నిద్రలో దడుసుకుని ఏడ్చి ఏడ్చి నీలమయ్యేది. ఏ మందూ పనిచేయలేదు. అప్పుడే గల్లీలో పెంటయ్య తాత నిండు ముసలితనంతో పోయాడు. ఆయన మీద చల్లింది నాలుగైదు రూపాయి బిళ్ళలే, వాటిలో ఒకటి బుచ్చమ్మకు దొరికింది. దాన్ని తన క్యానులో వేసుకోలేదు. చిల్లు కొట్టించి స్రవ్య మొలతాడుకు తన చేత్తో కట్టింది. ఆ రాత్రి నుంచి పిల్ల నిద్రపోయింది.

సక్కుబాయి పిల్ల గౌను పైకెత్తి మొలతాడు ముడి విప్పసాగింది. ముడి రావడం లేదు. ఆమె కోడలు వచ్చి చేయి పట్టుకున్నది. వద్దత్తా, పిల్ల మళ్ళ దడుసుకుంటది అన్నది. కొండల్ కూడా వద్దన్నాడు. ఎట్లా తీసుకుంటాడు? కట్టింది అక్క. విప్పితే అక్క చేసిన పని విప్పినట్టే.

"కట్టింది ఆమెనే, ఆమెకే పెడ్తున్న," అన్నది సక్కుబాయి. "పిల్లను నేను చూసుకుంట, రాత్రంత మేల్కొనుంట. బుచ్చక్క ఉత్త నొసలుతోని పోవద్దు."

ముడిని పళ్ళతో కొరికి విప్పింది. చిల్లు పడ్డ బిళ్ళ. పిల్ల ఒంటి వెచ్చదనం ఇంకా ఉన్నది దానికి. కొండల్ దాన్ని కళ్ళకద్దుకుని అక్క నుదుటి మీద పెట్టాడు. ఆ చిల్లులోంచి బొట్టు కొంచెం కనిపించింది.

పాడె లేచింది. డప్పు మోగింది. కొండల్ చేటలో పేలాలు పట్టుకుని ముందు నడిచాడు. పిడికిలి నింపాడు, చల్లాడు. పేలాలు చప్పుడు లేకుండా పడ్డాయి. మళ్ళీ నింపాడు, మళ్ళీ చల్లాడు. గల్లీ పిల్లలు వెంట వచ్చారు. వాళ్ళల్లో చాలామంది ఎప్పుడూ బిళ్ళ ఏరుకోలేదు, పెద్దపిల్లలు చెబితే విన్నారు, అంతే. పేలాలు కాళ్ళతో కెలికారు, వంగి చూశారు. మూలమలుపు దగ్గర ఒక పిల్ల నిలబడి వెనకవాళ్ళకు చెప్పింది.

"ఏం లేదురో. ఉత్తదే."

కొండల్ అడుగు ఆగింది. ఆ మాట ఎవరూ ఆ పిల్లకు నేర్పలేదు. తల్లి పాడె వెనక అక్క చంకలో తనే ఉన్నాడు, తనకు గుర్తులేదు. ఇప్పుడు తన చెవితో విన్నాడు. అక్క ఇన్నేళ్ళు ఏం మోసిందో అప్పుడు తెలిసింది అతనికి.

పిల్లలు వెనక్కి మళ్ళబోయారు. అప్పుడే కొట్టు దిగి బాలనర్సింహ పరుగున వచ్చాడు. చంకలో చాక్లెట్ల డబ్బా. కొండల్ వైపు చూడకుండా మూత తీసి, పిడికిలి నింపి, పాడె మీదుగా చల్లాడు. చల్లుతూ ఏడ్చాడు. ఎర్ర కాగితాలు, పచ్చ కాగితాలు ఎండలో మెరిసి రోడ్డు మీద పడ్డాయి. పిల్లలు కేరింతలు కొడుతూ ఏరుకున్నారు. పాడె వెనక అంత సంతోషంగా పరుగెత్తిన పిల్లల్ని ఆ గల్లీ ఎన్నడూ చూడలేదు. కొండల్ ఆపలేదు, తిట్టలేదు. ఒక్క చప్పుడు కోసం చెవి పెట్టి నడిచాడు. ఆ చప్పుడు శ్మశానం దాకా రాలేదు.

కట్టెల మీద పెట్టాక నుదుటి బిళ్ళ కాటికాపరిది. కాటికాపరి దుర్గయ్య దాన్ని తీసి, తిప్పి చూసి, చిల్లు మీద వేలు పెట్టి తడిమాడు. అది పిల్ల మొలతాడుదని, మళ్ళీ కట్టాలని కొండల్ నోటిదాకా వచ్చింది. దుర్గయ్య అప్పటికే దాన్ని ధోతి కొసకు ముడేసుకున్నాడు. మస్తు రోజులైంది చేతిల బిళ్ళ పడక, బుచ్చమ్మ పుణ్యాత్మురాలు అన్నాడు. అది అతని హక్కు.

మూడో రోజు పిట్టకు ముద్ద పెట్టారు. ఆ మూడు రాత్రులూ ఎదురింట్లో స్రవ్య దడుసుకుని ఏడ్చింది. ఏడ్చిన ప్రతిసారీ కొండల్ మంచం మీద లేచి కూర్చున్నాడు. నాలుగో పొద్దున అతను తలగుడ్డ చుట్టుకుని బ్యాంకు ముందు మెట్ల మీద కూర్చున్నాడు. సక్కుబాయి పిల్లను ఎత్తుకుని వచ్చి పక్కన కూర్చుంది. బాలనర్సింహ షట్టర్ దించి వచ్చాడు. వేణుగోపాల్ డ్యూటీ మానేశాడు. గల్లీ నుంచి ఒక్కొక్కరే వచ్చారు. ఆ రోజు మేనేజరు అద్దాల గది దాటి బయటికి రాక తప్పలేదు. ఏం కావాలని అడిగాడు. చిల్లర అన్నాడు కొండల్. మీ అక్కది అయిపోయింది కదా, ఇంకెందుకన్నాడు మేనేజరు.

"నాది ఉన్నది గద సార్," అన్నాడు కొండల్. "సక్కుబాయిది ఉన్నది. నీది గూడ ఉన్నది."

మేనేజరు మళ్ళీ అద్దాల గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. వాళ్ళు ఆ మెట్ల మీదే ఉన్నారు.

కాబట్టి సార్లూ, వారం గడువులొద్దు, యాప్‌లొద్దు. ఆ మెట్ల ముందు తలుపు ఇవాళే తెరవండి. నోటు పట్టుకుని వచ్చిన ముసలోడికి టోకెన్ అడగకుండా, ఫోను అడగకుండా బిళ్ళలు లెక్కపెట్టి చేతిలో పోయండి. సేట్లూ, గల్లాపెట్టె మళ్ళీ గల్లా మీద పెట్టండి, పిల్ల చేతిలో బిళ్ళను వద్దనకండి. ఠాణా సార్లూ, బుచ్చమ్మ క్యాను పోయిందని కాగితం మీద రాయండి, రాసి వెతకండి. ముందు ఒక్క రూపాయి బిళ్ళ బయటికి పంపండి, దుర్గయ్యకు అదిచ్చి చిల్లు బిళ్ళ విడిపించుకుంటారు. సక్కుబాయి ఒళ్ళో పిల్ల మొలతాడు ఉత్తగా ఉన్నది.